ఇకత్, కుప్పడం, జాంధానీ, మగ్గం వర్క్... ఈ పేర్లకు అసలు అర్థాలేంటి? తెలిసినవాళ్ళు చెప్పండి

కొత్తకోక

అందరికీ నమస్కారం. పోయిన నెల మా చెల్లి గృహప్రవేశానికి పెడదామని ఒక చీర కొన్నాను. షాపులో "ప్యూర్ పోచంపల్లి ఇకత్" అన్నారు, బిల్లు మీద కూడా అదే రాశారు. ఇంటికి తెచ్చాక మా అత్తయ్య మడత విప్పి, డిజైన్ వైపు చూడకుండా నేరుగా వెనక్కి తిప్పారు. వెనకవైపు రంగు పాలిపోయి ఉంది. "ఇది నేసిన డిజైన్ కాదమ్మా, గుడ్డ మీద అచ్చేశారు" అన్నారు. చీర చెడ్డదేం కాదు, కట్టుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ అబద్ధపు పేరుతో అమ్మారన్న బాధ పోవడం లేదు.

అప్పట్నుంచి ఒక్కో పేరూ తలుచుకుంటే ఏదీ నాకు సరిగ్గా తెలియదనిపిస్తోంది. ఇకత్ అంటే ఏంటి? కలంకారి అని ప్రింట్ నైటీలు కూడా అమ్ముతారు కదా, అదేనా కలంకారి? మగ్గం వర్క్ జాకెట్టును మగ్గం మీద నేస్తారా? కుప్పడం ఊరి పేరా, నేత పేరా? జాంధానీ అంటే ఎంబ్రాయిడరీయేనా? కాస్త ఓపిగ్గా చెప్పండి.

నాడె_చప్పుడు

మంచి ప్రశ్న అడిగారమ్మా. మాది తెలంగాణలోని చేనేత ఊరు పుట్టపాక వైపు. నేను ఉద్యోగం చేస్తున్నా, మా ఇంట్లో మగ్గం ఇంకా ఆడుతోంది. ఇకత్ సంగతి నేను చెప్తాను.

మామూలు చీరకు నూలు ఒక్క రంగులో అద్ది నేస్తారు, డిజైన్ మగ్గం మీద పుడుతుంది. ఇకత్‌లో అలా కాదు, నేయడానికి ముందే డిజైన్ పోగుల మీదికి ఎక్కేస్తుంది. పోగులను కట్టలుగా చేసి, రంగు తగలకూడని చోట గట్టిగా చుట్టి కడతారు. మా దగ్గర సైకిల్ ట్యూబును సన్నగా కోసిన రబ్బరు పట్టీలతో కడతారు. రంగులో ముంచి, ఆరబెట్టి, కొన్ని కట్లు విప్పి, ఇంకో చోట కట్టి, మళ్ళీ ముంచుతారు. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు. ఇకత్ అనేది మలయ్, ఇండోనేషియా వైపు మాట, కట్టడం అని అర్థం. మా ఊళ్ళో పెద్దవాళ్ళు "చిటికి" అనేవారు.

అయితే కట్టడానికంటే ముందు ఆసు పోయాలి. ఇది చాలామందికి తెలియదు. ఆసు అంటే అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు దిగేసిన చట్రం. మధ్యలో ఒక మేకు ఉంటుంది. పోగును మధ్య మేకు నుంచి అంచు మేకుకు, అక్కణ్ణుంచి మళ్ళీ మధ్యకు, ఇలా ఒక్కో మేకు దాటుకుంటూ తిప్పాలి. మా అమ్మ కూర్చుని కుడిచెయ్యి చాచి, లాగి, చాచి, లాగి ఒక్క చీరకే వేలసార్లు తిప్పేది. సాయంత్రానికి భుజం పైకి లేచేది కాదు. నా జడ నేనే వేసుకుంటా అని మా అక్క చిన్నప్పుడే నేర్చుకుంది, అమ్మ చెయ్యి ఎత్తలేదని. చింతకింది మల్లేశం గారు తన తల్లి కష్టం చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేసి, ఆమె పేరు మీదే "లక్ష్మీ ఆసు" అని పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం మా ఇంటికి వచ్చిన రోజు మా అమ్మ దాని ముందు కొబ్బరికాయ కొట్టింది.

"ఆసులో కండెలా తిరుగుతున్నాడు" అని తెలుగులో అందరూ అంటారు కదా. కండె అంటే నూలు చుట్టిన చిన్న గొట్టం. ఆ ఆసు ఇదే.

కొత్తకోక

అన్నా, ఇది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. ఆ మాట మా నాన్న రోజూ అంటారు, ఆసు అంటే ఏంటో మాత్రం నేనెప్పుడూ అడగలేదు. ఒక్క డౌట్. కొంగు చివర ఒక పోగు లాగి చూస్తే ఒరిజినల్ ఇకత్ తెలిసిపోతుందని ఎక్కడో విన్నాను. నిజమేనా?

నాడె_చప్పుడు

సగం నిజం. కొంగు చివర కుచ్చుల్లో వేలాడేది పడుగు పోగు, అంటే నిలువు పోగు. డిజైన్ పడుగులో ఉంటే ఆ ఒక్క పోగు మీదే రెండు మూడు రంగులు మారుతూ కనిపిస్తాయి. కానీ చాలా చీరల్లో డిజైన్ పేకలో, అంటే అడ్డం పోగులో మాత్రమే కడతారు. అప్పుడు కుచ్చులోని పోగు ఒకే రంగులో ఉంటుంది. అది చూసి నకిలీ అనుకోవద్దు. జాకెట్టు ముక్క కోసిన అంచు దగ్గర అడ్డం పోగు ఒకటి జాగ్రత్తగా లాగి చూడండి. ఆ పోగు లోపలిదాకా రంగు పట్టి ఉండాలి, పొడవునా రంగులు మారాలి. ప్రింట్ అయితే పోగుకు ఒకవైపు రంగు, ఇంకోవైపు తెలుపు ఉంటుంది.

పోగు లాగడం ఇష్టం లేకపోతే డిజైన్ అంచులు చూడండి. ఇకత్‌లో గీత కత్తితో కోసినట్టు ఉండదు, అంచు కాస్త చెదిరినట్టు, ఈక కొనలా ఉంటుంది. నేసేటప్పుడు పోగు ఒక వెంట్రుకవాసి అటూ ఇటూ జరుగుతుంది కదా. ప్రింటులో దాన్ని కూడా గీసేస్తారు గానీ, ప్రతి పువ్వుకూ ఒకేలా చెదురుతుంది. నేతలో ఏ పువ్వు చెదురు దానిదే.

పడుగు, పేక రెండింటినీ కట్టి నేస్తే డబుల్ ఇకత్. నిలువు పోగు మీది ఎరుపు, అడ్డం పోగు మీది ఎరుపు సరిగ్గా ఒకేచోట కలవాలి. గుజరాత్‌లో పాటన్ పటోలా అలాంటిదే. మా పుట్టపాక తేలియా రుమాలు కూడా అంతే. నూలును ఆముదపు కాయల బూడిదలో, నూనెలో రోజుల తరబడి నానబెట్టి పిసుకుతారు, తేల్ అంటే నూనె, అందుకే తేలియా అన్న పేరు. ఎరుపు, నలుపు, తెలుపు, అంతే రంగులు. కొత్త రుమాలు ముక్కు దగ్గర పెట్టుకుంటే నూనె వాసన వస్తుంది. దీనికి 2020లో జీఐ, అంటే ఫలానా ప్రాంతపు సరుకేనన్న ప్రభుత్వ గుర్తింపు వచ్చింది. ఒకప్పుడు చీరాల నుంచి ఇవి అరబ్ దేశాలకు పోయేవి.

చీరాల_చిన్నది

మా తాతమ్మ వాళ్ళు ఆ రుమాళ్ళు నేసేవారని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. మీరు చీరాల పేరు ఎత్తినందుకు చాలా సంతోషం అన్నా.

వస్త్రాల_వ్యాపారి

నేనూ బట్టల వ్యాపారంలోనే ఉన్నాను, ఒక మాట చెప్తాను. ప్రింట్ చీర అమ్మడం తప్పు కాదు. రోజూ ఆఫీసుకు కట్టుకునేవాళ్ళందరూ చేనేత కొనలేరు. తప్పు పేరులో ఉంది. "ఇకత్ ప్రింట్" అని చెప్పి అమ్మితే ఎవరికీ నష్టం లేదు. నేను అలాగే చెప్తాను, కొనేవాళ్ళు కొంటారు.

పోచంపల్లి ఇకత్‌కు జీఐ వచ్చి చాలా ఏళ్ళయింది. ఆ పేరు ఎవరు పడితే వాళ్ళు వాడకూడదు. పట్టు అయితే సిల్క్ మార్క్ ఉందా, చేనేత అయితే హ్యాండ్‌లూమ్ మార్క్ ఉందా అని నోరు తెరిచి అడగండి. సిల్క్ మార్క్ 2004 నుంచి, హ్యాండ్‌లూమ్ మార్క్ 2006 నుంచి ఉన్నాయి. అడిగితే ఏమనుకుంటారో అని మనవాళ్ళు మొహమాటపడతారు. కూరగాయల దగ్గర పడని మొహమాటం ఇక్కడెందుకు?

బందరువాణ్ణి

కలంకారి నాది. మాది మచిలీపట్నం, పెడన పక్కనే. కలం అంటే కలమే, కారి అంటే పని. రెండూ పారశీకం నుంచి వచ్చాయి. అయితే మా పెడన పనిలో కలం చాలా తక్కువ. టేకు చెక్కతో చెక్కిన అచ్చులతో అద్దుతాం. శ్రీకాళహస్తిలో మాత్రం నిజంగా కలంతోనే గీస్తారు. రెంటినీ కలంకారి అంటారు, రెండూ అసలైనవే.

మీరు చెప్పిన నైటీ ప్రింట్లు ఈ రెండూ కావు. కలంకారి డిజైన్‌ను స్క్రీన్ మీద తీసి రసాయనపు రంగులతో కొట్టినవి.

పని ఎలా జరుగుతుందో చూస్తే తేడా మీకే అర్థమవుతుంది. గుడ్డను ముందు కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్ళలో ముంచి ఎండబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కకు పాకదు. తుప్పుపట్టిన ఇనుమును బెల్లంతో కలిపి నీళ్ళలో రోజుల తరబడి పులియబెడితే నల్లరంగుకు ద్రావణం తయారవుతుంది. విచిత్రం ఏంటంటే ఆ ద్రావణం నల్లగా ఉండదు. కలంలో ఉన్నప్పుడు పలచటి టీ నీళ్ళలా ఉంటుంది. కరక్కాయ పట్టిన గుడ్డకు తగలగానే, మనం చూస్తుండగానే గీత నల్లబడుతుంది. చిన్నప్పుడు శ్రీకాళహస్తి వెళ్ళినప్పుడు ఒక పెద్దాయన సీతమ్మవారి కన్ను గీస్తుంటే చూశాను. కనుపాప ముందు గోధుమరంగులో వచ్చింది, ఆయన చెయ్యి తీసేసరికి నల్లబడింది. ఇప్పటికీ కళ్ళ ముందుంది.

ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్ళతో గీసి, తర్వాత ఎరుపునిచ్చే వేళ్ళతోనో చెక్కతోనో ఉడికిస్తారు. పటిక తగిలిన చోటే ఎరుపు పడుతుంది. పూర్వం అది చిరివేరుతో వచ్చేది. నీలానికి నీలిమందు. ప్రతి రంగుకీ మధ్య పారే నీళ్ళలో ఉతకాలి. కాలువ లేకపోతే కలంకారి లేదు.

ఈ గుడ్డలంటే యూరప్ వాళ్ళకు ఎంత పిచ్చంటే, తమ దేశాల నేతగాళ్ళు గోల పెట్టేసరికి ఫ్రాన్స్ 1686లో వీటిని నిషేధించింది, 1759 దాకా ఆ నిషేధం ఎత్తలేదు. ఇంగ్లండ్ 1721లో కట్టుకోవడమే నేరం చేసింది. వాళ్ళు చింట్జ్ అన్నది మన ఛీంట్ గుడ్డనే. ఇంకో గర్వమైన సంగతి. మస్లిన్ (సన్నని నూలు గుడ్డ) అనే మాట కూడా మా మచిలీపట్నం నుంచే పుట్టింది.

తెలుగు_మాస్టారు

బందరు మిత్రులకు నమస్కారం. మస్లిన్ దగ్గర మాత్రం ఒప్పుకోలేను. ఆ మాట ఇరాక్‌లోని మోసుల్ నగరం పేరు నుంచి వచ్చింది. మచిలీపట్నానికి మస్లిన్‌కు ధ్వని పోలిక ఉండడంతో ఆ కథ బాగా ప్రచారంలోకి వచ్చింది.

కానీ మన ఊరి పేరుతో నిజంగానే ఒక గుడ్డ ఇంగ్లీషు నిఘంటువుల్లో ఉంది. మడపోలం. నరసాపురం పక్కనే ఉన్న మాధవాయపాలెం అది. పదిహేడో శతాబ్దంలో అక్కడ ఇంగ్లీషువాళ్ళ వర్తక స్థావరం ఉండేది. అక్కడి నూలు గుడ్డకు ఊరి పేరే నిలిచిపోయింది. కాలికో అన్నది కాలికట్ నుంచి, డంగరీ అన్నది ముంబైలోని డోంగ్రీ నుంచి. బండానా మన బాంధనీ. ఖాకీ అంటే ధూళి రంగు.

బందరువాణ్ణి

మాస్టారూ, చిన్నప్పట్నుంచి విన్నమాట కదా, వదలాలంటే కష్టంగా ఉంది. కానీ మాధవాయపాలెం సంగతి నాకు తెలియదు. నరసాపురం ఎన్నిసార్లు వెళ్ళానో! ధన్యవాదాలు.

దారం_రీలు

మగ్గం వర్క్ గురించి నేను చెప్తాను, పదకొండేళ్ళుగా అదే నా పని.

మగ్గం వర్క్‌కూ నేత మగ్గానికీ సంబంధం లేదు. నేసిన గుడ్డను నాలుగు కర్రల చట్రానికి డప్పులా బిగించి కట్టి, దాని చుట్టూ కింద కూర్చుని కుడతాం. ఆ చట్రం చూడ్డానికి మగ్గంలా ఉంటుంది కాబట్టి మనవాళ్ళు మగ్గం అన్నారు. ఉత్తరాదివాళ్ళు అడ్డా అంటారు, కార్‌చోబ్ అని కూడా. కాబట్టి ఇది నేత కాదు, కుట్టు.

ముందు డిజైన్‌ను బటర్ పేపర్ మీద గీసి, గీతల వెంట సూదితో చిల్లులు పొడుస్తాం. ఆ కాగితం గుడ్డ మీద పరిచి, కిరోసిన్‌లో కలిపిన పొడిని గుడ్డముక్కతో రుద్దితే చుక్కలు కిందికి దిగుతాయి. ఆ చుక్కల మీద కుడతాం.

కుట్టే సూదులు రెండు రకాలు. ఆరి అంటే కొసన చిన్న కొక్కెం ఉన్న సూది. దారం గుడ్డ కింద ఎడమచేతిలో ఉంటుంది, కుడిచేత్తో పైనుంచి గుచ్చి, కింద దారాన్ని కొక్కేనికి తగిలించి పైకి లాగాలి. గొలుసు కుట్టు వస్తుంది. కింద చెయ్యి మనకు కనబడదు, వేళ్ళతోనే చూడాలి. నేర్చుకున్న కొత్తలో నాకు ఎడమచేతి చూపుడువేలు నిండా పోట్లే.

రెండోది జర్దోజి. జర్ అంటే బంగారం, దోజి అంటే కుట్టడం. ఇందులో స్ప్రింగులా చుట్టిన సన్నని తీగను ముక్కలుగా కత్తిరించి, పూసల్లా సూదికి ఎక్కించి కుడతాం. మెత్తగా మెరిసేది ఒకటి, పలకలు తేలి తళుక్కుమనేది ఒకటి. దబ్కా, నక్షీ, సల్మా అని పేర్లు. చమ్కీలు, ముత్యాలు, కుందన్లు పైపై అలంకారం. షాపులో జర్దోజి అని చెప్పేవాటిలో చాలా వరకు ఆరితో చమ్కీలు అతికినవే. వేలితో తడిమి చూడండి. జర్దోజి తీగ ఎత్తుగా, గుండ్రంగా చేతికి తగులుతుంది.

కంప్యూటర్ వర్క్ గుర్తుపట్టడం తేలిక. వెనకవైపు తెల్లటి కాగితంలాంటి అతుకు ఉంటుంది, దారం వెనక అంతా ఒకేలా నడుస్తుంది. మా పని వెనక చూస్తే ఎక్కడ దారం అయిపోయిందో, ఎక్కడ ముడి వేశామో కనబడుతుంది.

జాకెట్టుకు అంత రేటా అని అడిగేవాళ్ళు ఒక్కసారి వచ్చి మా పక్కన కూర్చోండి. ఈ మాట కోపంతో అనడం లేదు, నిజంగా రమ్మంటున్నాను.

కొత్తకోక

అక్కా, నేను మొన్న ఒక జాకెట్టు దగ్గర గంటసేపు బేరమాడాను. ఇక ఆడను.

ఆదోని_అమ్మాయి

కుట్ల గురించి వచ్చింది కాబట్టి కసూతి గురించి రెండు ముక్కలు. మాకు కర్ణాటక దగ్గర కదా, మా మేనత్త ఇలకల్ చీర మీద కుట్టేది. కసూతిలో ముడి వేయకూడదు. గవంతి కుట్టులో ఒక దారి వెళ్ళి, అదే దారిలో వెనక్కి వచ్చి ఖాళీలు పూరిస్తారు. ముందూ వెనకా ఒకేలా ఉంటుంది. మెట్లు మెట్లుగా పోయేది ముర్గి, నేతలా ఉండేది నేగి, అడ్డదిడ్డంగా దాటుతూ కుట్టేది మెంతె. గుడ్డ మీద గీతలేమీ గీయరు, పోగులు లెక్కపెట్టుకుంటూ కుట్టడమే. గోపురాలు, రథాలు, తులసికోటలు. మా అత్తయ్య లెక్క తప్పితే మొత్తం విప్పేసేది. పక్కన మేం మాట్లాడితే ఊరుకునేది కాదు.

తెలుగు_మాస్టారు

బెంగాల్ కాంతా కుట్టును చాలామంది కొత్త ఫ్యాషన్‌గా చూస్తారు. పాత చీరలను పొరలుగా పేర్చి, పాత చీర అంచు నుంచే దారం లాగి, పరుగు కుట్టుతో కలపడం కాంతా. సంస్కృతంలో కంథ అంటే పాత గుడ్డలతో కుట్టినది, అంటే మన బొంత. మా అమ్మమ్మ కుట్టిన బొంతలో ఎవరి చీర ఎక్కడుందో ఆవిడ చెప్పగలిగేది. బెంగాలీలు ఆ కుట్టుతోనే బొమ్మలు పూయించారు. మనం బొంతను కప్పుకుని ఊరుకున్నాం. మన బొంతకూ ఆ గౌరవం రావాల్సింది.

మాటల సంగతికొస్తే, జరీ అని అందరం అంటున్నాం గానీ దానికి తెలుగులో "సరిగ" అనే మాట ఉంది. సరిగంచు చీర, సరిగంచు పంచె అని ఇప్పటికీ పల్లెల్లో అంటారు. జలతారు అన్నా అదే. నీళ్ళలో తారు అనుకుంటారు కొందరు, కాదు. జర్ అంటే బంగారం, తార్ అంటే తీగ. మన నోట జలతారైంది. చీర అన్న మాట కూడా సంస్కృతమే. రామాయణంలో నారచీరలు గుర్తు తెచ్చుకోండి. హిందీ వాళ్ళ సాడీ వేరే దారి, అది శాటి నుంచి వచ్చింది.

గద్వాల_కోట

కుప్పడం గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తాను. అది ఊరు కాదు, నేసే పద్ధతి. గద్వాల చీరలో ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. వేరే గుడ్డ తెచ్చి అంచుగా కుట్టరు, మగ్గం మీదే కలుపుతారు. ఒంటికి ఒక నాడె (పేకను అటూ ఇటూ తీసుకెళ్ళేది), రెండు అంచులకు రెండు నాడెలు. ఒంటి పేక అంచు దాకా వచ్చి, అంచు పేకను కొక్కెంలా పట్టుకుని వెనక్కి తిరుగుతుంది. ప్రతి వరసకూ రెండువైపులా ఇలా పట్టించాలి. కంచిలో దీన్నే కోర్వై అంటారు.

చూసి ఎలా తెలుసుకోవాలంటే, అంచు రంగు చూడండి. మామూలు చీరలో ఒంటి పేకే అంచులోకి కూడా పోతుంది. పసుపు ఒంటికి ఎర్ర అంచు పెడితే, ఆ అంచులో పసుపు కలిసి కాషాయం కొడుతుంది. కుప్పడంలో అంచు పచ్చి ఎరుపే. ఒళ్ళూ అంచూ కలిసే గీతను వెనక్కి తిప్పి గోటితో తడిమితే చిన్న చిన్న పళ్ళలా తగులుతుంది. అంచు లోపలివైపు గుడి గోపురాల్లా మెట్లు లేస్తాయి కదా, దాన్ని కోటకొమ్మ అంటాం. ఇప్పుడు చీరాలలో నేసే ఒకరకం చీరలకు కూడా "కుప్పడం పట్టు" అనే పేరు స్థిరపడింది, అందుకే గందరగోళం.

నూలు, పట్టు కలిపితే సీకో అంటారు. సిల్క్‌లో సి, కాటన్‌లో కో.

ఉప్పాడ_తీరం

జాంధానీ ఎంబ్రాయిడరీ కాదండీ. చూడ్డానికి కుట్టినట్టే ఉంటుంది, అందుకే అందరూ పొరబడతారు. నేస్తూ ఉండగానే, ప్రతి బుటా (చిన్న పువ్వు డిజైన్) దగ్గరా చిన్న చిన్న కండెలతో వేరే పోగును వేళ్ళతో దూర్చి, ఆ బుటా అంతవరకే తిప్పి వెనక్కి తెస్తారు. చీర అడ్డంలో పది బుటాలుంటే పది కండెలు వేలాడుతూ ఉంటాయి. ఒక్కో వరసకు అన్నింటినీ ఒకసారి కదిలించి, తర్వాత మామూలు పేక వేయాలి. మా ఉప్పాడలో, వెంకటగిరిలో ఈ పని ఉంది. ఢాకా జాంధానీని 2013లో యునెస్కో గుర్తించింది.

నకిలీ ఎలా తెలుస్తుందంటే, మరమగ్గం మీద పోగు ఒక బుటా నుంచి ఇంకో బుటా దాకా వెనక వేలాడుతూ పోతుంది. తర్వాత వాటిని కత్తిరిస్తారు. వెనక చెయ్యి పెడితే గరుకుగా గడ్డంలా గుచ్చుకుంటుంది. చేత్తో నేసింది వెనక కూడా నున్నగా ఉంటుంది. బెనారస్‌లో దీన్ని కఢువా అంటారని అక్కడికి వెళ్ళినప్పుడు తెలిసింది.

తండా_పిల్ల

మా లంబాడీ బట్టల పేర్లు కూడా రాసుకోండి. లంగా లాంటిది ఫేటియా, రవిక కాంచళి, తలమీది గుడ్డ టుక్రీ. అద్దాలు, గవ్వలు, బిళ్ళలు అన్నీ చేత్తోనే కుడతారు. మా నానమ్మ కాంచళి నా దగ్గరుంది. దాని బరువుకు హ్యాంగర్ వంగిపోతుంది. పండక్కి వేసుకుంటే అందరూ ఫోటోలు అడుగుతారు. ఫ్యాన్సీ డ్రెస్ అని మాత్రం అనకండి, మాకు అది బట్ట.

గద్వాల_కోట

మంచిమాట చెప్పావు తల్లీ.

సిక్కోలు_నూలు

మా శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరు లేకుండా ఈ చర్చ ముగియకూడదు. కొండపత్తిని ఏకక ముందు వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ ఎముకకున్న సన్నని పళ్ళు గింజ చుట్టూ ఉన్న దూదిని సాపు చేసి, చెత్త తీసేస్తాయి. ఇనుప దువ్వెన ఆ పనికి రాదు, పోగు తెగిపోతుంది. దాంతో నూరో నెంబరు నూలు వడుకుతారు. నెంబరు అంటే ఏంటని ఎవరైనా అడుగుతారని ముందే చెప్తున్నా. ఒక పౌను బరువులో 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని వస్తే అంత నెంబరు. నెంబరు పెరిగేకొద్దీ నూలు సన్నం.

చీరాల_చిన్నది

నాకు రంగుల పేర్లంటే ప్రాణం. నెమలికంఠం, చిలకపచ్చ, బచ్చలిపండు, ఉల్లిపొర, కనకాంబరం, మెంతిరంగు... ఇప్పుడు షాపుల్లో ఒక్కటీ వినబడదు. అన్నీ "పీచ్", "టీల్". నెమలికంఠం ఒక్క రంగు కాదు కూడా. పడుగు నీలం, పేక ఆకుపచ్చ. అందుకే నడుస్తుంటే మారుతుంది.

సిక్కోలు_నూలు

వంకాయరంగు, నేరేడుపండు వేరువేరని మా అమ్మతో రోజూ గొడవ.

చీరాల_చిన్నది

వేరే! నేరేడుపండులో నలుపు ఎక్కువ, వంకాయలో ఎరుపు ఎక్కువ. అమ్మగారిదే గెలుపు అయితే క్షమించండి.

కొత్తకోక

మీ అందరి మాటలూ మా అత్తయ్యకు చదివి వినిపించాను. ఆసు దగ్గర ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత లేచి వెళ్ళి ట్రంకు పెట్టెలోంచి ఒక పాత చీర తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. వాళ్ళమ్మ గారిదట. ముదురు ఎరుపు, నల్లని గళ్ళు, గళ్ళలో తెల్లని చుక్కలు. మడతల దగ్గర చిరిగిపోతోంది. ఇప్పుడు నేను కూడా ముందు వెనక్కే తిప్పాను. రెండువైపులా ఒకటే రంగు. చుక్కల అంచులు మీరు చెప్పినట్టే ఈక కొనల్లా ఉన్నాయి. చిరుగు దగ్గర ఊడిన పోగులు రెండు తీసి చూశాను. నిలువు పోగు మీదా తెలుపు, ఎరుపు. అడ్డం పోగు మీదా తెలుపు, ఎరుపు. వాసన మాత్రం కర్పూరం ఉండలదే వస్తోంది. నాడె అన్నా, ఇది ఏమైవుంటుంది?

నాడె_చప్పుడు

అమ్మా, రెండు పోగుల మీదా రంగు మారిందంటే డబుల్ ఇకత్. ఎరుపు, నలుపు, తెలుపే ఉన్నాయంటే తేలియా పని కావచ్చు. ఫోటో చూడకుండా ఖాయంగా చెప్పను. పగటి వెలుతురులో వెనకవైపు దగ్గరగా ఒక ఫోటో పెట్టండి, మా నాయనకు చూపిస్తాను.

ముందు ఒక పని చేయండి. ఆ కర్పూరం ఉండలు తీసేసి, తెల్లని నూలు గుడ్డలో చుట్టి పెట్టండి. అదే మడత మీద ఉంచొద్దు, నెలకోసారి విప్పి మడత మార్చి పెట్టండి. మడత పడిన చోటే పోగు తెగుతుంది. చిరిగినచోట మీరు కుట్టొద్దు. మా ఊళ్ళో పోగుకు పోగు అతికేవాళ్ళు ఇంకా ఉన్నారు.

కొత్తకోక

రేపు పొద్దున ఎండ రాగానే ఫోటో పెడతాను అన్నా. అత్తయ్య ఇప్పుడే పాత తెల్ల పంచె ఒకటి ఉతికి ఆరేశారు, చుట్టడానికి.